గేటు ఎలా ఉంటే అలాగే

"డెల్, నాన్న వెళ్లిపోయాడు. టీ కూడా తాగలేదు. కుక్కని బండెక్కించుకుని వెళ్లిపోయాడు," అంది రొవీనా, నేనింకా గుమ్మంలో ఉండగానే.

నా చేతుల్లో రెండు పళ్లేల నిండా స్కోన్ రొట్టెలున్నాయి. గొర్రెలు పెంచే మా స్టేషన్ నుంచి రొవీనా వాళ్ల స్టేషన్ నారవిల్లా దాకా ఆ గతుకుల దారిలో ఒక్కటీ విరక్కుండా తెచ్చాను. వాటిని చూసి ఒక మంచిమాట అంటుందనుకోవడం నాదే పొరపాటు.

"బోర్డు మనిషి ఎప్పుడొస్తుంది?" అన్నాను.

"వచ్చేసింది. చేతులు కడుక్కోవడానికి వెళ్లింది."

"మీ నాన్న ఏడని అడగలేదా?"

"అడిగింది. నీళ్లు చూసి రావడానికి వెళ్లాడన్నాను. ఆయనకి ఈ అతిథుల విడిది అంటే ఎంతో ఇష్టమని కూడా చెప్పాను."

"ఇష్టమా! క్లెమ్‌కా!"

"మరేం చెప్పమంటావు? రాత్రి ఆయనన్న మాటలు చెప్పమంటావా?"

రాత్రి మాటలు నాకు ఫోనులోనే అందాయి. లీజు తన పేరున ఉందనీ, ఆ ఆడమనిషి వచ్చి అడిగితే తన నోటి వెంట సరే అన్న మాట రాదనీ క్లెమ్ కుర్చీ వెనక్కి తోసి లేచాడట. రొవీనా ఊరుకుందా? తండ్రి కూతురే కదా. ఆమె కూడా ఓ నాలుగు అనేసి, గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

మా వైపు భూములన్నీ గొర్రెల్ని మేపుకోమని సర్కారు భూముల బోర్డు ఇచ్చిన లీజులే. వాటిలో అతిథుల్ని దింపుకోవాలంటే బోర్డు అనుమతి కావాలి. రొవీనాకి ఇచ్చిన తాత్కాలిక అనుమతి గడువు అయిపోయింది, ఇక పక్కాగా ఇవ్వాలంటే బోర్డుకి లీజుదారు నోటిమాట కావాలి. ఈ రోజు క్లెమ్ ఔనంటే రొవీనా విడిది నిలుస్తుంది. కాదంటే మూతపడుతుంది, ఆ వెనకే నారవిల్లా కూడా పోతుంది. ఆమె అన్న డెస్మండ్ పట్నంలో కెల్సో అనే కంపెనీ మనిషిని పట్టి, కొనడానికి సిద్ధంగా ఉంచాడు. వాన ముఖం చూడని మూడో ఏడు ఇది. గొర్రెల్ని నమ్ముకుంటే ఇల్లు గడవదని క్లెమ్‌కీ తెలుసు. తెలిసినా ఆ మనిషి దిగిరాడు.

ఉన్ని కత్తిరించే మనుషుల కోసం కట్టిన పాత బసకి రొవీనా తన చేత్తో సున్నం వేసుకుంది. మంచాలకి కొత్త నవారు అల్లుకుంది. పుట్టింది, పెరిగింది ఇక్కడే. ఇంకెక్కడా ఆమెకి ఊపిరాడదు. వాళ్లమ్మ నోరా పోయినప్పటినుంచీ ఈ పిల్లని చూస్తున్నాను, ఇంత భయపడగా ఎప్పుడూ చూడలేదు.

బోర్డు నుంచి వచ్చినావిడ పేరు మార్గో టిండల్. ఇస్త్రీ చొక్కా, తళతళలాడే కొత్త బూట్లు. వంటింట్లో పెద్ద బల్ల దగ్గర అప్పటికే అతిథులు చేరారు. అడిలైడ్‌లో కూరగాయల కొట్టు నడిపి ఈ మధ్యే అమ్మేసిన డొమెనిక్, అతని భార్య అసుంతా, ఇంకా ఉద్యోగాలు మానేసిన ఇద్దరు నర్సులు.

"మిస్టర్ హాలరన్ త్వరగా వస్తారుగా?" అంది మార్గో కూర్చుంటూ.

"ఇదిగో, వచ్చేస్తాడు. టీ తీసుకోండి," అంది రొవీనా.

డొమెనిక్ గొంతు తగ్గించి నాతో అన్నాడు: "ఆయన రాకపోతేనే మంచిది తల్లీ. మొన్న తెరిచి ఉన్న గేటు ఒకటి నేను మంచికని మూసేశాను. నా తోలు ఒలిచి ఆరేశాడు."

"గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి డొమెనిక్. తెరిచుంటే తెరిచే, మూసుంటే మూసే," అన్నాను.

"తెలిసింది. ఇప్పుడు కలలో కూడా గేట్లే వస్తున్నాయి."

అప్పుడు ఫ్రిజ్ మీది రేడియో గురగురమంది.

మా వైపు ప్రతి వంటింట్లోనూ, ప్రతి బండిలోనూ అది ఉంటుంది. చుట్టుపక్కల స్టేషన్లన్నిటికీ ఒకటే చానెల్. ఒకరు మైకు మీట నొక్కి మాట్లాడితే అందరూ వింటారు. పొద్దుటినుంచి రాత్రిదాకా దాన్ని ఎవరూ ఆపరు.

"...విన్నావా టిల్లీ? కంగారూలు ఎన్నింటికి వస్తాయని అడిగింది. ఎన్నింటికి! నేనేమన్నా వాటికి బడిగంట కొడుతున్నానా?"

క్లెమ్ గొంతే, తన కుక్క టిల్లీతో. వెనక యూట్, అంటే సామాన్ల తొట్టి ఉన్న బండి, ఇంజను మోత.

బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి. అసుంతా చెయ్యి గుండె మీద పెట్టుకుని, "నేనే అడిగాను," అంది చిన్నగా.

"మళ్లీ భోజనం డబ్బా మైకు మీద పడేశాడు," అన్నాను నేను. కిందటేడు కూడా ఇంతే. డబ్బా కింద మీట నొక్కుకుపోయి, పొద్దున్నంతా ఆయన పాడిన పాటలు జిల్లా అంతా వింది. అందులో కొన్ని ఆడవాళ్లు వినదగ్గవి కావు.

రొవీనా ఒక్క అంగలో రేడియో దగ్గరికి పోయి మైకు అందుకుంది. "నాన్నా! మైకు! నాన్నా, వినిపిస్తోందా?"

వినిపించదు. అవతల మీట నొక్కి ఉన్నంతసేపూ ఆయనకి ఎవరి మాటా చేరదు. చానెల్ మొత్తం ఆయనదే.

"ఇంకో మహాతల్లి ఆ బసలో పడుకుని, ఇక్కడ ఎంత నిశ్శబ్దమో అంది. నిశ్శబ్దమట! ఆ గోడల మధ్య కత్తెర్లు ఆడిన రోజుల్లో వచ్చుంటే తెలిసేది. ఇప్పుడేమో కిటికీలకి పూల తెరలు. మా నాన్న చూస్తే గొయ్యిలోంచి లేచొచ్చేవాడు."

నర్సులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మార్గో టిండల్ కప్పు కింద పెట్టింది.

"మీ నాన్నగారేనా?"

"ఆయనే," అంది రొవీనా.

"ఆయనకి ఎంతో ఇష్టమన్నారు."

రొవీనా ముఖం కందిపోయింది. చెయ్యెత్తి రేడియో గొంతు నొక్కేయబోయింది.

"ఉంచండి," అంది మార్గో. "ఆయన మాట వినడానికే నేను ఇంత దూరం వచ్చాను."

"ఇది మీకు చెబుతున్న మాట కాదు. కుక్కకి చెబుతున్నాడు."

"కుక్కకైతే అబద్ధం చెప్పరుగా. ఉంచండి."

ఆ క్షణంలో ఆ కొత్త బూట్ల మనిషిని కిటికీలోంచి బయటికి విసిరేయాలనిపించింది నాకు. రొవీనా మాత్రం చెయ్యి దించేసింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. మూడు సీజన్లు ఒంటి చేత్తో నిలబెట్టుకున్నది కళ్ల ముందే కూలుతుంటే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఇంజను మోత కాస్త తగ్గింది. క్లెమ్ మెల్లగా నడుపుతున్నాడు. గొంతు కూడా తగ్గింది.

"అది కాదే టిల్లీ. మనుషులు వస్తే నాకేమన్నా నొప్పా? నోరా ఉన్న రోజుల్లో మన బల్ల దగ్గర చోటు ఖాళీ ఉండేదా? దారిన పోయేవాడల్లా తిని పోయేవాడు. అప్పుడు నేల ఎలా ఉండేది? మోకాలెత్తు గడ్డి. వాన పడ్డ ఏడాదైతే కొండ దాకా పూలు. అప్పుడు చూపించాల్సింది. ఇప్పుడేముంది చూపించడానికి? ఎర్ర దుమ్ము. డొక్కలు ఎండిన గొర్రెలు."

కాసేపు చక్రాల కింద రాళ్ల చప్పుడు.

"నోరా జబ్బులో ఉన్నప్పుడు గుర్తుందా? తల దువ్వుకోకుండా ఎవర్నీ గదిలోకి రానిచ్చేది కాదు. డెల్‌నైనా సరే. 'ఇలా ఉండగా నన్నెవరూ చూడొద్దు క్లెమ్, తలుపు దగ్గర నిలబడు' అనేది. నిలబడ్డాను. ఈ నేలా అంతేనే. మంచాన పడి ఉంది. దాన్ని చూడమని జనాన్ని పిలుస్తుంది నా కూతురు. నేను తలుపు దగ్గర నిలబడక ఏం చెయ్యను?"

నేను పొయ్యి వైపు తిరిగిపోయాను. నోరా నన్ను ఎన్ని రోజులు వరండాలోనే కూర్చోబెట్టిందో నాకే తెలుసు. ఎందుకో ఇన్నేళ్లకి తెలిసింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

రొవీనా గొంతు వినిపించింది. "ఈ మాట నాతో ఒక్కసారి అనొచ్చుగా," అంది, ఎవరితోనో తెలీదు. "రాత్రి అంతలా అరిచాడే. ఈ ఒక్కమాట అనలేకపోయాడు."

అంతలో రేడియోలో బ్రేకు కీచుమంది.

"ఈ గేటెవడు తెరిచాడు?"

డొమెనిక్ రొట్టె ముక్క నోటి దగ్గరే ఆపేశాడు.

"పాత కుంట గేటు! ఇది మూసి ఉండాలి! ఆ కూరగాయల మహారాజే. వాడికి చెప్పాను, చిలక్కి చెప్పినట్టు చెప్పాను! ఇప్పుడే వెళ్లి వాడి చెవి పట్టుకుని..."

"నేను కాదు!" అని డొమెనిక్ రేడియోకే చేతులు జోడించాడు. "నేను అటువైపే వెళ్లలేదు! అసుంతా, చెప్పు!"

"...ఆగు. ఆగవే టిల్లీ."

ఇంజను ఆగిపోయింది. ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దంలో క్లెమ్ ఊపిరి కూడా వినిపించింది.

"నేనే. నిన్న రాత్రి. దానితో పోట్లాడి ఇటే వచ్చాను. గాలిమర చూసుకుని తిరిగి వెళ్లాను. దిగలేదు. కోపంలో దిగి మూయలేదు. ఒరే క్లెమ్, ముసలి గాడిదా."

డొమెనిక్ మెల్లగా కూర్చున్నాడు. గెలిచినవాడి ముఖం లేదు అతనికి. "పాపం," అన్నాడు.

పాత కుంట సంగతి మా వాళ్లందరికీ తెలుసు. నీళ్లు ఇంకిపోయి, పైన బెత్తెడు తడి, కింద నడుం లోతు బురద. దాహంతో ఉన్న గొర్రె ఆ తడి వాసన పట్టి దిగిందంటే మళ్లీ కాలు పైకి రాదు. అందుకే ఆ గేటు మూసి ఉంచుతారు.

"అయ్యో," అంది రేడియో. తర్వాత ఇంకా చిన్నగా, "అయ్యో అయ్యో. చూశావా టిల్లీ. కుంటంతా అవే. ఈనబోయే మందంతా దిగింది. కాకులు అప్పుడే మూగాయి."

రొవీనా అప్పటికే టోపీ అందుకుంది.

"పిలవనా దాన్ని?" అన్నాడు క్లెమ్ కుక్కతో. "మైకెక్కడ పెట్టాను... వద్దు. పిలిస్తే అన్నీ వదిలేసి పరిగెత్తుకొస్తుంది. ఆ బోర్డు మనిషి అక్కడే కూర్చుని ఉంటుంది. అతిథులు ముఖాలు చూసుకుంటారు. దాని పని చెడిపోతుంది. ఔనని నేను అనలేను సరే. చెడగొట్టను కూడా. పద, మనిద్దరం తీయగలిగినన్ని తీద్దాం."

తలుపు తెరిచిన చప్పుడు. బూట్ల చప్పుడు దూరమైంది. ఆ తర్వాత రేడియోలో గొర్రెల అరుపులు, కుక్క మొరుగుడు తప్ప ఏమీ లేవు.

"మిస్ టిండల్, నన్ను క్షమించండి. మీరు కాదని రాసుకుంటే రాసుకోండి. నేను వెళ్లాలి. ఆయనకి కుడి భుజం లేవదు. బురదలో ఒక్కడే దిగాడు," అంది రొవీనా.

"మేం కూడా వస్తాం," అంది అసుంతా.

"మీరు అతిథులు..."

"ఏం, అతిథులకి చేతులుండవా? ముప్పై ఏళ్లు బంగాళాదుంపల బస్తాలు మోశాను. గొర్రె అంతకంటే బరువా?"

"తడిసిన ఉన్నితోనా? చాలా బరువు," అన్నాను నేను.

"అయితే ఇద్దరం మోస్తాం. లే డొమెనిక్!"

నర్సులు అప్పటికే తువ్వాళ్లు పోగేస్తున్నారు. నేను నా స్కోన్ పళ్లేలు మళ్లీ చేతుల్లోకి తీసుకున్నాను, వాటిని ఈగలకి వదలడానికి కాదు నేను తెల్లవారకముందే లేచింది. వరండా దిగుతుంటే వెనకనుంచి మార్గో టిండల్ గొంతు వినిపించింది.

"నా కారు ఆ దారిలో పోతుందా?"

"పోదు," అంది రొవీనా.

"అయితే మీ బండిలో జరగండి."

కుంట గట్టెక్కి చూశాను. బురద మధ్యలో బూడిదరంగు వీపులు, పైకెత్తిన ముఖాలు. కొన్ని అరుస్తున్నాయి, కొన్ని అరవడం కూడా మానేశాయి. వాటి మధ్య తొడల దాకా దిగబడి క్లెమ్. ఎడమ చేత్తో ఒక గొర్రెని మెడ కింద పట్టి గుంజుతున్నాడు. గట్టున అప్పటికే తీసినవి రెండో మూడో వణుకుతూ పడున్నాయి. టిల్లీ కాకుల్ని తరుముతోంది.

మమ్మల్ని చూసి క్లెమ్ నోరు తెరిచాడు.

"మీరెందుకొచ్చారు? నీకెవరు చెప్పారు?"

"నువ్వే," అంది రొవీనా బూట్లు విప్పేస్తూ.

"నేనెవరికీ చెప్పలేదు!"

"చెప్పావు నాన్నా. జిల్లా అంతటికీ చెప్పావు. డబ్బా ఎక్కడ పెట్టావో వెళ్లి చూసుకో."

ఆయన చూపు యూట్ వైపు పోయింది. అక్కడి నుంచి మా ముఖాల మీదికొచ్చింది. ఒక్కొక్కరినీ చూశాడు. నేను వెళ్లి బండి ముందు సీటు మీది డబ్బా ఎత్తి, కింద నలిగిన మైకుని కొక్కేనికి తగిలించాను.

"ఎక్కణ్ణుంచి విన్నారు?" అన్నాడు.

"కంగారూల దగ్గర్నుంచి," అంది అసుంతా.

"నోరా మాట కూడానా?"

రొవీనా బురదలోకి దిగింది. ఒక్కో అడుగూ పీక్కుంటూ తండ్రి దగ్గరికి వెళ్లింది.

"అదీ విన్నాం," అంది. "ఆ గొర్రెకి అవతలి పక్క పట్టుకో. నేను వెనక కాళ్లు తీస్తాను."

ఆ తర్వాత మాటలకి తీరిక లేదు. ఉన్ని పట్టి లాగొద్దు, తోలు ఊడొస్తుంది. చేతులు కడుపు కిందికి పోనిచ్చి, కాళ్లు ఒక్కొక్కటీ విడిపించి, ఊపుతూ ఎత్తాలి. క్లెమ్ ఒక్కసారి చూపించాడు. డొమెనిక్, అసుంతా ఒక జట్టు. దంపతులు కదా, ఒకరినొకరు తిట్టుకోవడానికి అలవాటుపడినవాళ్లు, పని చకచకా సాగింది.

"ఎత్తు! ఎత్తమంటే నిలబడి చూస్తావేం?"

"నువ్వు నా కాలి మీద నిలబడ్డావే తల్లీ!"

"అది నీ కాలా? గొర్రెదనుకున్నాను!"

నర్సులిద్దరూ గట్టు మీద కాపు కాశారు. బయటపడ్డ ప్రతి గొర్రెనీ తుడిచి, నిలబెట్టి, కాళ్లు కుదురుకునేదాకా ఒళ్లో ఆనించుకున్నారు. ఎన్ని ఆస్పత్రి వార్డుల్లో ఎంతమందిని అలా నిలబెట్టారో, గొర్రెలతో కూడా అదే గొంతుతో మాట్లాడారు. "నెమ్మది నాయనా. ఇంకో అడుగు. అంతే, అంతే."

మార్గో టిండల్ మొదట గట్టు మీదే నిలబడింది. ఒక గొర్రె మెడ వాల్చేయడం చూసి దిగింది. మూడో అడుగులో కొత్త బూటు బురద మింగేసింది. వెతికిందా? లేదు. ఉన్న బూటు కూడా విప్పి గట్టు మీదికి విసిరి, చొక్కా చేతులు మడిచింది. కిటికీలోంచి విసిరేద్దామనుకున్నానే, ఆ ఆలోచన అక్కడే వెనక్కి తీసుకున్నాను.

కొన్ని దక్కలేదు. రెండిటిని మేం చేరేలోపే కాకులు పొడిచాయి. క్లెమ్ వాటి దగ్గర కాసేపు వంగి నిలబడ్డాడు. డొమెనిక్ పక్కకి వెళ్లి నిలబడ్డాడు.

"నీ మీద అరిచాను మొన్న," అన్నాడు క్లెమ్.

"అరిచావు."

"ఇవాళ కూడా అరిచాను, నీ వెనకాల."

"విన్నాను. కూరగాయల మహారాజు అన్నావు. ఆ పేరు నాకు నచ్చింది."

క్లెమ్ నవ్వాడు. అది నవ్వని తెలియడానికి నాకు కొంచెం టైము పట్టింది, చాలాకాలమైంది చూసి.

కుంటకి ఈ పక్కంతా ఖాళీ అయి, అవతలి ఒడ్డున కొద్ది గొర్రెలే మిగిలేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. ఊపిరి తీసుకోవడానికి అందరం యూట్ వెనక కూలబడ్డాం. నా స్కోన్లు అప్పుడు బయటికొచ్చాయి. కడుక్కోవడానికి నీళ్లు లేవు, ఆ బురద చేతులతోనే తిన్నారు. ఇంత బాగా నా స్కోన్లు ఎవరూ ఎప్పుడూ తినలేదు.

గట్టు దిగువన, కాళ్ల మీద నిలబడ్డ మంద నీళ్లతొట్టి వైపు నడుస్తోంది. ఒకదాని వెనక ఒకటి, తడబడుతూ, నడుస్తూ. క్లెమ్ వాటినే చూస్తున్నాడు.

"మిస్టర్ హాలరన్," అంది మార్గో. ముక్కు మీదినుంచి చెవి దాకా బురద. "నేను వచ్చిన పని ఇంకా అలాగే ఉంది. మీ నోటితో వినాలి."

"పొద్దుటినుంచీ విన్నావుగా."

"అది టిల్లీకి చెప్పారు. నాకు చెప్పండి. నారవిల్లాలో అతిథుల్ని ఉంచుకోవడానికి మీకు ఇష్టమేనా?"

రొవీనా తినడం ఆపేసింది. ఈసారి తండ్రి వైపు చూడలేదు. కాళ్ల దగ్గరి మట్టి వైపు చూసింది.

క్లెమ్ గోళ్లలో బురద గీకడం మొదలుపెట్టాడు. మధ్యలో మాట్లాడింది అసుంతా.

"ఒక్కమాట అననా క్లెమ్? మీ ఆవిడ సంగతి విన్నాను. తల దువ్వుకోకుండా ఎవరికీ కనిపించేది కాదన్నావు. నేను కూడా అంతే, మా ఆయన్ని అడుగు. పళ్ల డాక్టరు దగ్గరికి కూడా పౌడరు రాసుకునే వెళతాను. ఇప్పుడు చూడు నన్ను."

చూశాం. జుట్టు ఒక ముద్దైపోయి నుదుటికి అంటుకుని ఉంది. చెంప మీద గొర్రె పెంటిక.

"నన్నిలా చూసి నువ్వు పారిపోయావా? లేదే. నీ నేలని చూసి మేమూ పారిపోం. మంచాన పడ్డ మనిషి దగ్గరికి చుట్టాలు వచ్చేది అందం చూడ్డానికా?"

క్లెమ్ టోపీ తీశాడు. లోపలి అంచు తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"రొవీనా," అన్నాడు.

"ఊఁ."

"ఆ పూల తెరలు మీ అమ్మ పాత గౌన్లే కదూ?"

"ఔను."

"అనుకున్నాను." గొంతు సవరించుకుని మార్గో వైపు తిరిగాడు. "సరే. రాసుకో. క్లెమెంట్ హాలరన్ సరేనన్నాడని రాసుకో. వాన పడేదాకా ఆగనక్కర్లేదని కూడా రాయి. ఇలాగే చూడనీ. ఒక్కటే, గేట్ల సంగతి అతిథులకి చెప్పే పని ఇక నాది కాదు. డొమెనిక్ చెబుతాడు. ఈ జిల్లాలో గేటు సరిగ్గా వదలడం వచ్చినవాడు వాడొక్కడే."

డొమెనిక్ లేచి నిలబడి, కిరీటం పెట్టుకుంటున్నట్టు టోపీ సర్దుకున్నాడు. నర్సులు చప్పట్లు కొట్టారు. రొవీనా తండ్రి మెడ చుట్టూ చేతులు వేసి, ఆ బురద ముఖాన్ని ఆయన బురద చొక్కాలో దాచుకుంది. నేను మళ్లీ ఏడ్చాను. ఆ రోజు నాకు వేరే పని లేనట్టుంది.

అప్పుడే యూట్‌లోంచి రేడియో పలికింది. చానెల్ ఇప్పుడు ఖాళీ కదా.

"క్లెమ్, నేను కెల్సోని. నువ్వు నిన్న రమ్మన్నట్టే వచ్చాను. పెద్ద గేటు దగ్గరున్నాం, మూసుంది. డెస్మండ్ కూడా నా పక్కనే ఉన్నాడు. అమ్మకం కాయితాలు తెచ్చాం. తెరుచుకుని వచ్చేయమంటావా?"

రొవీనా చేతులు మెల్లగా విడిపోయాయి.

"నువ్వు రమ్మన్నావా? నిన్ననా?"

"నువ్వు తలుపు వేసుకున్నాక ఫోను చేశాను," అన్నాడు క్లెమ్. "కోపంలో నేను తెరిచిపెట్టిన గేటు ఒక్కటే కాదు."

"మాటిచ్చావా?"

"కాయితాలు తెమ్మన్నాను. అంతవరకే."

ఆయన లేచాడు. కుంటుకుంటూ యూట్ దగ్గరికి వెళ్లి, మైకు కొక్కెం నుంచి తీశాడు. ఈసారి మీట ఎక్కడుందో కళ్లతో చూసుకుని మరీ నొక్కాడు.

"కెల్సో, క్లెమ్ మాట్లాడుతున్నా. జిల్లా అంతా వింటోంది, విననీ. గేటు మూసే ఉందా?"

"మూసే ఉంది."

"మా దగ్గర ఉన్నది ఒకటే నియమం. గేటు ఎలా ఉంటే అలాగే వదిలి వెళ్లాలి. నిన్ను రమ్మన్నది నేను, పొరపాటు నాది, నీ దారి ఖర్చు నాది. బండి తిప్పుకో."

"క్లెమ్, ఇంత దూరం వచ్చాక... డెస్మండ్ ఏమంటాడంటే..."

"వాడికి ఆ నియమం నేర్పింది నేనే. గేటు తెరవకుండా ఎక్కి దూకడం కూడా నేనే నేర్పాను. ఇక్కడ కుంటలో ఇంకా గొర్రెలున్నాయని చెప్పు. చేతులు ఖాళీగా ఉంటే రమ్మను. కాయితాలు మాత్రం బండిలోనే ఉండాలి."

మీట వదిలాడు. చానెల్ చాలాసేపు గురగురలాడింది.

ముందు మా ఆయన రాల్ఫ్ గొంతు వచ్చింది. "విన్నాం క్లెమ్." ఆ వెనకే ఉత్తరం నుంచి మరొకటి. "మేమూ విన్నాం." తర్వాత ఎవరో ముసలామె, "పొద్దుటినుంచీ పొయ్యి మీద కూర మాడబెట్టుకుని మరీ విన్నాం, శభాష్," అంది. ఒకరి తర్వాత ఒకరు, మా జిల్లా అంతా ఆ చిన్న పెట్టెలోంచి పలికింది. క్లెమ్ చెవులు ఎర్రబడ్డాయి.

దూరంగా, పెద్ద గేటు దిక్కున, దుమ్ము లేచింది. నేల బల్లపరుపు కాబట్టి ఎక్కడ దుమ్ము లేచినా కనిపిస్తుంది. అది మా వైపు రావడం లేదు. రోడ్డు వైపు పోతోంది.

రొవీనా యూట్ వెనక తొట్టి మీదికెక్కింది. తండ్రి దుర్భిణి కళ్లకి పెట్టుకుంది. మేమంతా తలెత్తి ఆమె ముఖం చూస్తున్నాం.

"వెళ్లిపోయారా?" అన్నాడు క్లెమ్. ఆ గొంతులో కెల్సో కోసం ఏమీ లేదు. ఉన్నదంతా కొడుకు కోసం.

ఆమె దుర్భిణి చక్రం ఒకసారి తిప్పింది.

"గేటు మూసే ఉంది నాన్నా," అంది. "దానికి ఇవతల ఒక మనిషి నిలబడి ఉన్నాడు."